రాజీనామా ఇంకో ఆరు నెలలు బ్యాగులోనే ఉంచు

చిట్టీ,

ఉద్యోగం మానేసి ఆన్‌లైన్‌లో రాతపని మీదే బతుకుతానన్నావట, మీ అమ్మ నిన్నటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేసింది, నన్ను వద్దని చెప్పమని. నేనెలా చెప్తానే, పదకొండేళ్లుగా తింటున్నది ఆ అన్నమే కదా. కాకపోతే ఇంకో ఆరు నెలలు ఆగు. రాత్రిళ్లు, ఆదివారాలు పని పట్టు. ఒక నెల ముప్పై వేలు వచ్చాయని మురిసిపోకు, ఇంటద్దె, ఖర్చులు వెళ్లేంత వరసగా మూడు నెలలు వస్తే అప్పుడివ్వు రాజీనామా.

కథలు మానొద్దు, కానీ వాటి మీద అద్దె పెట్టుకోకు. నెలనెలా డబ్బులొచ్చేది యాప్‌ల అనువాదం, సబ్‌టైటిళ్లు, యూట్యూబ్ స్క్రిప్టులు, సబ్బుల గురించీ మిక్సీల గురించీ నాలుగేసి ముక్కలు రాయడం, ఇలాంటి వాటితోనే. నీ పేరు ఎక్కడా కనపడదు. అలవాటైపోతుంది.

రేటు దగ్గర మాత్రం జాగ్రత్త. అనువాదానికి మాటకింత అని బేరం కుదిరితే ఇంగ్లీషు మాటలే లెక్కవేయమను, తెలుగువి కాదు. ఈ ముక్క నాకెవరూ చెప్పక రెండేళ్లు నష్టపోయాను. 'దే విల్ నాట్ కమ్' అంటే వాళ్లకి నాలుగు మాటలు, మనకి 'రారు', ఒక్కటే! వెయ్యి మాటల ఇంగ్లీషు తెలుగులోకొచ్చేసరికి ఏడెనిమిది వందలకి దిగిపోతుంది, ఆ తేడా అంతా నీ జేబులోంచే. ఇప్పుడు కొత్తగా ఇంకోటి మొదలైంది, మెషీన్ చేసిన అనువాదం పంపి కాస్త సరిచెయ్యండి చాలు, సగం రేటు అంటారు. సగం సార్లు మొత్తం తిరగరాయాల్సిందే. దానికి గంటల లెక్కన అడుగు.

ఇక వసూళ్లు. అసలు పని ఇక్కడే ఉంది. ఒకప్పుడు నా రాబడిలో ముప్పావు వంతు ఒక్క కంపెనీ నుంచే వచ్చేది, హాయిగా ఉండేది కూడా. ఒకరోజు వాళ్లు ఆ విభాగం ఎత్తేశారు, మూడు నెలల బిల్లులు, 84 వేలు, "అకౌంట్స్‌లో ఉందండీ" అంటూ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అప్పట్నుంచి ఎవరి పనీ నా రాబడిలో సగం దాటనివ్వను, కొత్తవాళ్లయితే సగం అడ్వాన్సు పడ్డాకే ఫైలు తెరుస్తాను.

నువ్వు ముందే ఉద్యమ్ పోర్టల్‌లో, అదే చిన్న వ్యాపారాల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన సైటులో, నమోదు చేసుకో, అప్పుడు నువ్వూ చిన్న సంస్థ కిందే లెక్క. ఆధార్, పాన్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు (డబ్బులడిగే సైట్లు దొంగవి). ఒప్పందంలో ఏం రాసుకున్నా చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చట్టమే ఉంది, ఇవ్వకపోతే ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. ఉద్యమ్ నమోదు నంబరు ప్రతి బిల్లు మీదా వెయ్యి. నేనింతవరకూ ఫిర్యాదు దాకా వెళ్లలేదు, నంబరు చూస్తేనే చాలామంది కదులుతారు.

కంపెనీలు ఫీజులో పదోవంతు టీడీఎస్ (ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుంటే కంగారుపడకు, రిటర్ను వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. పాన్ ఇవ్వకపోతే ఐదోవంతు పోతుంది, అదీ చూసుకో.

మొదటి బిల్లు పంపేముందు నాకోసారి చూపించు. మీ అమ్మకి నేను సర్దిచెప్తాను గానీ, ఆరు నెలలు ఆగుతున్నానన్న మాట మాత్రం నువ్వే చెప్పు, నేను చెబితే నమ్మదు.

మీ మామయ్య