హాప్స్ సంచిలో పరాయి వస్తువు కనిపిస్తే

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బీరుకు చేదు, వాసన ఇచ్చే ఎండు పువ్వులు, అదే హాప్స్, కొత్త సంచి విప్పగానే వేలెడు పొడవున్న గోధుమరంగు పీచు ముక్క, రెండు మూడు ఎండిన పురుగులు కనిపించాయనీ, మనసొప్పక ఆ రోజు బీరు కాచే పనే మానుకున్నాననీ రాశావు. మానుకోవడం మంచిదే. అయితే ఆ హాప్స్‌ను పారవేయాలా, వాడుకోవచ్చా అన్నది ఆ వస్తువు ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చి పడిందో తెలిసిన తరువాత తేల్చవలసిన సంగతి. తోట నుంచి వచ్చినది ఒక రకం, యంత్రం నుంచి వచ్చినది మరొక రకం, మన చేతి నుంచే పడినది ఇంకొక రకం. వీటన్నింటినీ ఒకే గాటన కట్టేవారు ఒక్కోసారి మంచి సరుకును పారబోస్తారు, ఒక్కోసారి పారవేయవలసిన దాన్ని కాగులో వేస్తారు.

ముందు నీకు దొరికిన పీచు సంగతి చూద్దాం. హాప్స్ మొక్క ఒక లత. ఒక్క వేసవిలోనే ఐదారు మీటర్ల ఎత్తుకు పాకే ఆ లతకు ఏటా కొత్త ఆసరా కట్టవలసి ఉంటుంది. అందుకు అమెరికాలోని యాకిమా లోయ తోటలలో ఎక్కువగా కొబ్బరి పీచుతో పేనిన తాడును, జర్మనీలోని హాలర్టౌ తోటలలో ఎక్కువగా ఇనుప తీగను వాడతారు. కోత సమయంలో లతను ఆ ఆసరాతో సహా కోసి తెచ్చి పువ్వులు రాల్చే యంత్రానికి అందిస్తారు కనుక, ఎంత జల్లెడ పట్టినా పువ్వులతో పాటు కాసిన్ని ఆకులు, కాడలు, తాడు తునకలు రావడం వింత కాదు. నీ పీచును గోటితో విడదీసి చూడు. కొబ్బరి పీచయితే గరుకు పోగులుగా విడిపోతుంది, నిప్పు చూపితే కాలి బూడిద అవుతుంది. బేళ్లకు చుట్టే ప్లాస్టిక్ నేత నుంచి ఊడిన పోగయితే చదునుగా, నునుపుగా ఉండి, మంట తగలగానే ముడుచుకుని కరిగి గట్టి పూసలా మారుతుంది. మొదటిదయితే తీసి పారవేసి నిశ్చింతగా ఉండు. రెండవదయితే సంచిలోని పువ్వులన్నింటినీ ఒక్కొక్కటిగా చూసిన తరువాతనే వాడు.

పురుగులను చూసి నీవు అంతగా కలవరపడవలసిన పని లేదు. హాప్స్ లతకు పేనుబంక బెడద పాతదే. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హాప్స్‌కు పెట్టిన హద్దు ఏమిటో తెలుసా? 10 గ్రాములలో సగటున 2,500 పేనుబంక పురుగులు. అది దాటితేనే సరుకు చెడ్డదిగా లెక్క. ఈ అంకె విన్నాక నీకు బీరు మీదనే విరక్తి కలిగితే ఆ తప్పు నాది. నీకు కనిపించినవి ఎర్రని గుండ్రని రెక్కల అక్షింతల పురుగులయితే, అవి ఆ పేనుబంకను తినడానికి వచ్చిన మన పక్షం జీవులు. గంటసేపు మరిగే తీపి ధాన్యపు రసం, అంటే వోర్ట్‌లో వీటి వల్ల వచ్చే హాని లేదు. పురుగు కన్నా అది వదిలిన జాడను చూడడం ముఖ్యం. పేనుబంక విసర్జించే తీపి జిగురు మీద నల్లని మసి లాంటి బూజు పెరుగుతుంది. అందుచేత నాలుగైదు పువ్వులను కాడ వెంట నిలువుగా చీల్చి లోపల చూడు. రేకుల మొదట్లో పసుపు రంగు పొడి కనిపిస్తే అదే చేదునూ వాసననూ ఇచ్చే లుపులిన్, మనం డబ్బు పెట్టి కొనేది దానికోసమే. దాన్నే బూజు అనుకుని పారవేసిన వారిని నేను ఎరుగుదును. ఆ చోట నలుపు కనిపించినా, ముగ్గిన వాసన వచ్చినా, సంచి మొత్తం వదులుకో.

నేను నిజంగా భయపడేది గట్టి వస్తువులకు. ఒకసారి విడి పువ్వులను కాగులో వేస్తూ ఉండగా అడుగున టింగుమని చిన్న శబ్దం వినిపించింది. చెంచా తగిలి ఉంటుందని సరిపెట్టుకుని ఊరుకున్నాను. కాగు కడిగేటప్పుడు మడ్డి అడుగున, మేకు తలకాయ విరిగినట్టు వంగిన రెండు సెంటీమీటర్ల ఇనుప తీగ ముక్క దొరికింది. ఒకటి దొరికింది కదా, పీడ విరగడయిందనుకుని అదే సంచిలో మిగిలిన పువ్వులను, కాచడం అయ్యాక వాసన కోసం చేసే డ్రై హాపింగ్‌కు బీరు పులిసే పాత్రయిన ఫెర్మెంటర్‌లో వేశాను. సీసాలలో నింపే రోజున కుళాయి పూర్తిగా మూసుకోలేదు. రాత్రంతా చుక్క చుక్కగా కారి తెల్లవారేసరికి నేల మీద మడుగు కట్టింది. విప్పి చూస్తే కుళాయి బంతికీ దాని గూటికీ నడుమ రెండవ ముక్క ఇరుక్కుని ఉంది. ఒక్కటి కనిపించిందంటే వెతుకులాట అక్కడే మొదలవుతుందని ఆనాడు నాకు తెలిసివచ్చింది.

అందుకని సంచి తెరవగానే తెల్లని పళ్లెంలో పలుచగా పరచి, మంచి వెలుతురులో చూడు. ఇరవై లీటర్ల బీరుకు వాడేది యాభై, వంద గ్రాములే కనుక ఈ పని పది నిమిషాలను మించదు. అంతకన్నా ఎక్కువసేపు గాలికి వదిలితే హాప్స్ వాసన తగ్గిపోతుంది, కనుక చూడడం కాగానే మిగిలినది గాలి తీసి మూసి ఫ్రీజర్‌లో పెట్టు. బలమైన అయస్కాంతాన్ని పలుచని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పువ్వుల మీదుగా నెమ్మదిగా తిప్పు. చుట్టకుండా తిప్పితే అంటుకున్న ఇనుప రజను వదలదు. అయితే అయస్కాంతాన్నే నమ్ముకోవద్దు. అల్యూమినియమూ, చాలా రకాల స్టెయిన్‌లెస్ స్టీలూ దానికి అంటవు.

పువ్వుల పొడిని నొక్కి చేసిన గుళికలు, అంటే పెల్లెట్ల విషయం కొంత వేరు. పువ్వులను పొడిచేసే మిల్లులోకి ఇనుప ముక్క పోతే యంత్రం పాడవుతుంది, నిప్పురవ్వ లేచినా ప్రమాదమే, అందుచేత ముందుగానే అయస్కాంతాల మీదుగా పంపి ఇనుప ముక్కలను వేరు చేస్తారు. ఆ తరువాత ఆ పొడిని ఆరు మిల్లీమీటర్ల వంటి సన్నని రంధ్రాల గుండా నొక్కి పెల్లెట్లు తీస్తారు. కనుక పెద్ద వస్తువులు అరుదు, కానీ లోపల ఏముందో పైకి తెలియదు. అనుమానం ఉన్నప్పుడు ఒక పిడికెడు పెల్లెట్లను గోరువెచ్చని నీటిలో వేయి. అవి విడిపోయాక గిన్నెను చుట్టూ తిప్పితే ఆకుపొడి తేలాడుతుంది, ఇసుక, లోహం ముందుగా అడుగుకు చేరతాయి. ఆ పిడికెడు నష్టమే గానీ అనుమానం తీరుతుంది.

గాజు కనిపిస్తే మాత్రం ఏరడం, వడకట్టడం అనే ఆలోచనే పెట్టుకోవద్దు. కనిపించిన పెంకు పక్కన కంటికి ఆనని రజను ఉంటుంది. సంచి మొత్తం పారవేయి. అప్పటికే కాగులో వేసి ఉంటే వోర్ట్ కూడా పారబోయి, ఎంత బాధగా ఉన్నా సరే.

ఎవరి మీదనైనా నేరం మోపే ముందు నీ కత్తెరను కూడా అడుగు. సంచి మూతిని రెండు మార్లు కత్తిరించినప్పుడు నడుమ సన్నని ప్లాస్టిక్ పేలిక తెగి లోపల పడడం నేను పలుమార్లు చూశాను. దొరికిన పేలికను సంచి అంచుకు ఆనించి చూస్తే అతుకు సరిపోతుంది. తప్పు నిజంగా అమ్మినవారిదే అయితే ఆ వస్తువును చిన్న డబ్బాలో దాచి, పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీసి, సంచి మీది లాట్ నంబరు, పంట సంవత్సరం రాసి వారికి మర్యాదగా తెలియజేయి. అదే లాట్ మరెందరి చేతికో చేరి ఉంటుంది.

ఇకముందు విడి పువ్వులను వాడేటప్పుడు గుడ్డ సంచిలో కట్టి కాగులో దించు. చేదు కొంచెం తగ్గుతుంది, పదోవంతు హాప్స్ అదనంగా వేస్తే సరిపోతుంది. పని అయ్యాక సంచిని తిరగదీసి కడిగితే ఏమి మిగిలిందో కళ్ల ముందే ఉంటుంది. పారవేసే హాప్స్‌ను, వాడినవైనా వాడనివైనా, కుక్కలకు అందే చోట వేయవద్దు. తిన్న కుక్కకు ఒళ్లు విపరీతంగా కాగి ప్రాణం మీదికి వస్తుంది.

ఆ పీచును కాల్చి చూసి ఏమయిందో రాయి. బూడిదయితే ఈ ఆదివారమే కాగు పొయ్యి మీద పెట్టవచ్చు.

నీ బాబాయి