14 వేల మిషన్లు, ఒక ఎక్సెల్ ఫైలు

ప్రశ్న: నమస్కారం సార్. మాది రాయగడ, ఇక్కడ ఒక మిల్లులో మెయింటెనెన్స్ ప్లానింగ్‌లో చేస్తున్నా. మాకు మాక్సిమో (మిషన్ల మెయింటెనెన్స్ చూసుకునే సాఫ్ట్‌వేర్) పెడుతున్నారు, అందులోకి ఎక్కించాల్సిన 14 వేల మిషన్ల లిస్టు నా ఎక్సెల్లో ఉంది, కొన్ని పేర్లు ఒడియాలో కూడా ఉన్నాయి. ఒకాయన ఎమ్ఎక్స్‌లోడర్ అంటారు, ఇంకొకాయన ఫ్లాట్ ఫైలు (సీఎస్వీ లాంటి, కామాలతో విడగొట్టిన మామూలు టెక్స్ట్ ఫైలు) అంటారు, ఐటీ కుర్రాడేమో డైరెక్టుగా డేటాబేస్‌లోకి తోసేస్తే అరగంట పనంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఆ కుర్రాడి మాట మాత్రం వినకు తమ్ముడూ. బరంపురం వైపు ఒక ఫ్యాక్టరీలో ఇలాగే ఎస్‌క్యూఎల్‌తో ఇన్సర్ట్ కొట్టేశారు, లిస్టులో అన్నీ కనిపించాయి, స్వీట్లు కూడా పంచేసుకున్నాం, మర్నాడు డ్రిల్‌డౌన్ (దేని కింద ఏ మిషన్ ఉందో చూపించే స్క్రీన్) తెరిస్తే పంపు కింద మోటారు లేదు. దేని కింద ఏది అన్నది మాక్సిమో వేరే టేబుల్లో కూడా రాసుకుంటుంది, దాన్నెవరూ ముట్టుకోలేదు మరి. పైగా సీక్వెన్స్ నంబరు, అంటే తర్వాతి రికార్డుకి ఇవ్వాల్సిన ఐడీ లెక్క, ముందుకి జరపలేదు, కొత్త మిషన్ సేవ్ చేయబోతే ఆ ఐడీ ఆల్రెడీ ఉందని ఎర్రర్. అరగంట పని ఎన్ని రోజులు తిందో అడక్కు.

మిగతా రెండూ ముందు గుమ్మంలోంచే వెళ్తాయి, అంటే మాక్సిమో రూల్స్ అన్నీ చెక్ అవుతాయి. ఎమ్ఎక్స్‌లోడర్ అంటే మాక్రోలున్న ఎక్సెల్ షీటే, ఏ వరసలో తప్పుందో అక్కడే తెలిసిపోతుంది, నీలాగా తప్పులు తనే దిద్దుకోవాల్సినవాడికి నా ఓటు దీనికే. కాకపోతే 14 వేలూ ఒకేసారి కాదు, సెక్షన్ల వారీగా ఎక్కించు. ఫ్లాట్ ఫైలు రోజూ వేరే సాఫ్ట్‌వేర్ నుంచి డేటా వచ్చేచోట బాగుంటుంది, కానీ సీక్వెన్షియల్ క్యూలో (ఒకదాని తర్వాత ఒకటి మాత్రమే కదిలే లైన్లో) పెడితే ఒక్క రికార్డు ఇరుక్కుందా, వెనకున్నవన్నీ లెవెల్ క్రాసింగ్ దగ్గర లారీల్లా ఆగిపోతాయి.

ఇంకో సంగతి, వరస. ముందు లొకేషన్లు, తర్వాత పెద్ద మిషన్లు, ఆ తర్వాతే వాటి కింద మోటార్లు, గేర్‌బాక్సులు, పీఎమ్‌లు (ముందే వేసుకునే మెయింటెనెన్స్ షెడ్యూళ్లు) చివర్న. పేరెంట్ లేకుండా పిల్లని పంపితే తిప్పి కొడుతుంది.

అసలు దొంగ ఎక్సెలే అనుకో. 00417 అని టైపు చేస్తే 417 చేసేస్తుంది, 12E4 అనే ట్యాగ్‌ని 1.20E+05 అంటుంది, 16 అంకెల సీరియల్ నంబరైతే చివరి అంకెని సున్నా చేసి పెడుతుంది, తర్వాత నువ్వెంత గింజుకున్నా ఆ అంకె తిరిగిరాదు. అందుకని ఆ కాలమ్స్‌ని ముందే టెక్స్ట్ చేసి అప్పుడు డేటా పేస్ట్ చెయ్యి. ఒడియా పేర్లున్న షీటుని సీఎస్వీ చేసేటప్పుడు మామూలు సీఎస్వీ కాదు, సీఎస్వీ యూటీఎఫ్-8 అని ఎంచుకో, లేకపోతే పేర్ల చోట ప్రశ్న గుర్తులొస్తాయి. మీ మాక్సిమో డేటాబేస్ యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతిలో) పెట్టారా లేదా అన్నది ఆ ఐటీ కుర్రాణ్నే అడుగు, ఈ పనికి మాత్రం అతను కావాలి.

టెస్ట్ సర్వర్‌లో ముందు ఒక 50 మిషన్లు వేసి చూడు, కనీసం ఒక పంపు, దాని మోటారు, దాని గేర్‌బాక్సు ఉండేలా ఎంచుకో. ఎర్రర్ ఏదైనా వస్తే ఆ మెసేజ్ ఉన్నదున్నట్టు రాసి పంపు.