ఆకలి మీద ఎవరి కథా చదవకు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ ఉత్తరం మొన్న అందింది. రెండుసార్లు చదివాను. పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం భోజనం చేశాక ఇంకోసారి. అలా ఎందుకో కింద చెబుతాను. ముందొక మాట, నన్ను మేడమ్ అనొద్దు. మీ అమ్మకన్నా పదేళ్ళు పెద్దదాన్ని, పెద్దమ్మా అని పిలువు.

రెండు సంగతులు అడిగావు. మీ వాట్సాప్ గుంపులో పన్నెండుమంది రాసేవాళ్ళున్నారనీ, వాళ్ళ కథలు చదివి ఏదో ఒకటి చెప్పేసరికి నీ కథకి పొద్దు మిగలడం లేదనీ, అందులోంచి బయటికి వచ్చేయనా అనీ ఒకటి. రాత్రి పదకొండుకి రాయడానికి కూర్చుంటే బుర్ర మొద్దుబారుతోందనీ, ఒక్కో మాట కోసం వెతుక్కుంటున్నాననీ, నాకు రాయడం చేతకాదేమో అనీ రెండోది. ఈ రెండింటి మధ్యా "హాస్టల్లో రాత్రిపూట కూర నోట పెట్టలేం, టీ బిస్కెట్లతో గడిపేస్తాను" అని ఒక వాక్యం రాసి దాటిపోయావు. నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి. నువ్వడిగిన రెండింటికీ నేను చెప్పగలిగింది ఆ వాక్యం దగ్గరే మొదలవుతుంది.

పన్నెండేళ్ళ కిందటి నా సంగతి చెబుతాను. అప్పటికి బడిలో పాఠాలు చెబుతున్నాను. కథలు పత్రికల్లో బాగానే వస్తుండేవి. కొత్తగా రాస్తున్నవాళ్ళు ఈమెయిల్లో కథలు పంపి అభిప్రాయం అడిగేవారు. ఒక శనివారం, ఉపవాసం. పొద్దున్న తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు. మధ్యాహ్నం మూడింటికి ఒక అమ్మాయి కథ తెరిచాను. చదివిన వెంటనే జవాబు రాసి పంపేశాను. ఎత్తుగడ నీరసంగా ఉందన్నాను, సంభాషణలు పాఠం ఒప్పజెప్పినట్టున్నాయన్నాను, ముగింపు ముందే తెలిసిపోయిందన్నాను. ఆ జవాబు ఇప్పటికీ నా దగ్గర ఉంది. తీసి చదివితే ఒక్క మాట కూడా తప్పనిపించదు. కానీ ఆ కథలో ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి, చిల్లర లెక్కపెట్టి, మళ్ళీ ముడేసుకునే చోటుంది. చదువుతుంటే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆ సంగతి మాత్రం రాయలేదు. ఆ అమ్మాయి "ధన్యవాదాలండీ" అని ఒక్క ముక్క రాసింది. ఆ తర్వాత నాకేమీ పంపలేదు. ఏ పత్రిక చూసినా ఆమె పేరుందేమోనని ఇప్పటికీ వెతుక్కుంటాను.

ఆ ఏడాదే నా అరికాళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. నల్లబల్ల దగ్గర నిలబడి "జల్లెడ" అనే మాట కోసం తడుముకున్నాను. పిల్లలే అందించారు. ముందు వయసనుకున్నాను. తర్వాత, ఎవరితోనూ చెప్పుకోలేని భయం పట్టుకుంది. మాటలే పోతే నేనెలా బతకాలి? డాక్టరు రక్తపరీక్ష చేయించారు. విటమిన్ బి12 రెండొందలకి తగ్గకూడదట, నాకు 130 ఉంది. హిమోగ్లోబిన్ తొమ్మిది. కొన్నాళ్ళు ఇంజెక్షన్లు, ఆపైన మాత్రలు. నాలుగైదు నెలలకి మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి.

ఆ పిల్లకి రాసిన జవాబు నేరం నేను విటమిన్ మీదకి నెట్టడం లేదు. అది నా దురుసుతనమే. కానీ కడుపు కాలుతున్నప్పుడు మన బుర్రకి తప్పు వెంటనే కనబడుతుంది, మంచి కనబడాలంటే ఓపిక కావాలి, ఆ ఓపిక ఉండదు. అప్పట్నుంచీ ఎవరి రాతైనా భోజనం చేశాకే చదువుతున్నాను. నీ ఉత్తరాన్ని రెండోసారి చదివింది అందుకే.

మెదడు బరువు మన ఒంట్లో నూటికి రెండు వంతులే. ఊరికే కూర్చున్నా సరే, ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతు అదే తీసుకుంటుంది. రాత్రి రెండు బిస్కెట్లు తిని, అర్ధరాత్రి దాకా పాత్రల చేత మాట్లాడించాలనుకుంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది? నీకు చేతకాకపోవడం కాదమ్మా. నీకు అన్నం లేదు.

బి12 జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే దొరుకుతుంది. గుడ్డు, చేప, మాంసం, పాలు, పెరుగు. నాలాంటి శాకాహారులకి పాలూ పెరుగే దిక్కు. నేనేమో పెరుగు మానేసి పల్చటి మజ్జిగతో సరిపెట్టాను. బి12 కాలేయంలో కొన్నేళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే తెలియదు, తెలిసేసరికి నరాలదాకా వస్తుంది. షుగరుకి మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి కూడా ఇది తగ్గుతుంది. మీ అమ్మ వాడుతోందన్నావు కదా, ఒకసారి పరీక్ష చేయించు.

ఇనుము సంగతి మన ఆడవాళ్ళందరిదీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. నీ వయసు అందులోనే ఉంది. రక్తం తక్కువైతే మెదడుకి ప్రాణవాయువు తక్కువ చేరుతుంది. ఆయాసం, నిస్సత్తువ, చదివిన పేరానే మళ్ళీ చదవడం. ఇవన్నీ నువ్వు నీ ఉత్తరంలో "బద్ధకం" అని రాసుకున్నావు. బద్ధకమో కాదో వందల రూపాయల్లో అయ్యే పరీక్ష చెప్పేస్తుంది. చేయించుకోకుండా నిన్ను నువ్వు తిట్టుకోకు. ఇంకోటి, తోటకూర పప్పుతో అన్నం తిని చెయ్యి కడుక్కోగానే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. గంట ఆగి తాగు. పప్పులో నిమ్మకాయ పిండుకున్నా, తర్వాత జామకాయ తిన్నా బాగా పడుతుంది. జామలో నారింజకన్నా ఎక్కువ విటమిన్ సి ఉంది, హైదరాబాదులో బండి మీద దొరుకుతుంది.

ఆకుకూర అనగానే నాకు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. 1895లో భీమవరంలో పుట్టారు. తోడబుట్టినవాళ్ళని స్ప్రూ జబ్బుకి పోగొట్టుకున్న మనిషి. తిన్నది ఒంటికి పట్టని జబ్బది. అమెరికా వెళ్ళి, లెడర్లీ మందుల సంస్థలో తన బృందంతో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేయించారు. ఆకుకూరల్లో ఉండే విటమినే అది. స్ప్రూకి అదే మందైంది. రక్తం పుట్టడానికీ నరాలకీ బి12తో కలిసి పనిచేస్తుంది. ఆయన తన పేరు ముందుకి తోసుకోలేదు, తోటివాళ్ళని నిలబెట్టారు. మన గోదావరి జిల్లాల పిల్లల్లోనే చాలామందికి ఆయనెవరో తెలియదని నాకు దిగులు.

నీ హాస్టల్ హబ్సిగూడలో అన్నావు. పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్ళు 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మనకందే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించొద్దన్నారు. మన కంచంలో అన్నమే ముప్పాతిక. మధ్యాహ్నం కొండంత అన్నం, గరిటెడు చారు, ఆపైన కునుకు. అన్నం కాస్త తగ్గించి పప్పు, కూర పెంచుకుంటే ఆ కునుకు రాదు. హాస్టల్లో వంట కుదరదంటావు. కరెంటు కెటిల్లో రెండు గుడ్లు ఉడకబెట్టుకోవచ్చు. పెరుగు ప్యాకెట్, వేయించిన శనగలు, పల్లీలు, అరటిపండు గదిలో ఉంచుకో. మీ ఊరెళ్ళినప్పుడు కవళ్ళు, కానాగంతలు లాంటి చేపలు పులుసు పెట్టించుకు తిను. మెదడు కణాల పొరల్లో ఉండే కొవ్వు అలాంటి నూనె చేపల్లో దొరుకుతుంది. అవిసె గింజల్లో ఉండే దాన్ని మన ఒళ్ళు కొద్దిగానే మార్చుకోగలదు. అయినా చేపలు తినని నాకు అవిసె కారప్పొడే గతి, ఇడ్లీలోకి బాగుంటుంది కూడా. అక్రోట్లు తింటే జ్ఞాపకశక్తి అమాంతం పెరుగుతుందని ప్రకటనలొస్తాయి, వాటి కోసం జీతం తగలెయ్యకు. ఏ తిండీ ఎవర్నీ రచయితని చేయలేదు. రాయగలిగినవాణ్ణి రాయనివ్వకుండా అడ్డుపడేది మాత్రం తిండిలేమి. నిద్ర కూడా అంతే, పగలు చదివిందీ విన్నదీ మనసులో నిలిచేది నిద్రలోనే. పదకొండుకి మొదలుపెట్టడం మాని, పొద్దున్న ఐదున్నరకి లేచి ఏదైనా తిని గంట రాయి.

ఇక మీ గుంపు సంగతి. బయటికి రావద్దు. కానీ పన్నెండుమందివీ నువ్వొక్కదానివే మొయ్యకు. వారానికి రెండు కథలు చాలు. ఆ రెండూ మనసు పెట్టి చదువు. మిగతావాళ్ళకి "ఈ వారం చదవలేకపోయాను, వచ్చే వారం చదువుతాను" అని చెప్పు, మాట నిలబెట్టుకో. అందరి కథల కిందా బొటనవేలి బొమ్మ పెట్టినదానికన్నా అది నయం. రాసినవాడికి ఆ బొమ్మతో ఏమీ అందదు. చదివారో లేదో కూడా తెలియదు.

నీ కథకి సమయం పోతోందనుకుంటున్నావు. నేనైతే పక్కవాళ్ళ చిత్తుప్రతుల దగ్గరే పని నేర్చుకున్నాను. అచ్చయిన మంచి కథలో కుట్లు లోపలికి పోయుంటాయి, ఎంత తిప్పినా కనబడవు. చిత్తుప్రతిలో దారం వేలాడుతుంటుంది. ఇక్కడ ఈ మనిషి ఎందుకు ఊరుకున్నాడు, ఈ పేరా పైకి జరిపితే ఏమవుతుంది అని ఇంకొకరి కథలో వెతికిన చెయ్యి, నెల తిరిగేసరికి తన కథలోనూ వెతుకుతుంది.

ఇక చదవడం ఎలాగంటావా. మొదటిసారి పెన్ను పక్కన పెట్టి చదువు. మర్నాడు ఏం గుర్తుందో చూసుకో. గుర్తున్నదాన్ని ముందు చెప్పు, ఆ వాక్యం ఎత్తి రాసి చెప్పు. "బావుంది" అనడం వేరు, "తల్లి తలుపు వెయ్యకుండా వెళ్ళిపోయిన చోట నాకు ఊపిరాడలేదు" అనడం వేరు. తర్వాత నీకు అర్థం కానిది అడుగు. తీర్పు చెప్పకు, అడుగు. ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ రాసినవాళ్ళే సరిచేసుకుంటారు. మెచ్చుకోలు అందరి ముందూ చెప్పొచ్చు. లోపం మాత్రం విడిగా, వీలైతే ఫోన్లో, గొంతు వినబడేలా చెప్పు. అచ్చుతప్పులు ఆఖరికి.

మీ గుంపులోని పాలమూరు అబ్బాయి కథలో "గట్లనే", "ఏడికి వోతున్నవ్" చదివి ఎవరో "భాష సరిచేసుకో" అన్నారని రాశావు. నాకు బాధేసింది. ఆ అబ్బాయి చేత ఆ మాటలు మార్పించకండి. అర్థం కాని మాట ఉంటే అడిగి తెలుసుకో. నీ కథలో మీ సిక్కోలు అమ్మ "ఎలగున్నావే" అని పలకరించినప్పుడు అతనికీ కొత్తగానే ఉంటుంది. మీ ఇద్దరి కథలూ ఒక్కలాగే మాట్లాడితే ఇద్దరివీ చదవక్కర్లేదు.

మీ శ్రీకాకుళంలోనే తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది, నువ్వింకా చూడలేదన్నావు. సెలవుకి వెళ్ళినప్పుడు తప్పకుండా వెళ్ళు. కాళీపట్నం రామారావు మాస్టారు విశాఖపట్నంలో బడిలో పాఠాలు చెప్పుకున్న మనిషి. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వస్తే ఆ సొమ్ము దానికి పెట్టి, 1997 ఫిబ్రవరిలో ఆ ఇల్లు నిలబెట్టారు. తెలుగులో ఎవరు రాసిన కథైనా సరే, పెద్దా చిన్నా లేకుండా ఒకచోట ఉండాలని పాత పత్రికల కోసం ఊళ్ళు తిరిగారు. తాను రాసినవి తక్కువ, ఇతరుల కథల కోసం పెట్టిన ఏళ్ళు ఎక్కువ. 2021లో, తొంభయ్యారేళ్ళ వయసులో వెళ్ళిపోయారు. నా తొలి కథ అచ్చయిన సంచిక నా దగ్గరే లేదు, ఇల్లు మారడాల్లో పోయింది. ఒకసారి అక్కడికెళ్ళి అడిగితే తీసిచ్చారు. ఆ కాగితం చేతిలో పట్టుకుని కాసేపు మాట రాలేదు. ఇప్పుడు చాలా కథలు ఇంటర్నెట్లో కూడా పెట్టారు, ఎక్కడున్నవాళ్ళైనా చదువుకోవచ్చు.

మీ గుంపులో ఎవరి పుస్తకమైనా వస్తే డబ్బిచ్చి కొను. మన దగ్గర చాలామంది సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేయించుకుని, మంచం కింద అట్టపెట్టెల్లో పెట్టుకుంటారు. స్నేహం కదా అని ఉచితంగా అడగడం, కొన్నాక పీడీఎఫ్ చేసి నలుగురికి పంపడం, రెండూ ఆ అట్టపెట్టెల్ని అక్కడే ఉంచుతాయి.

ఎవరైనా నెలరోజులుగా ఏమీ పంపకపోతే కథేదీ అని అడగకు. తిన్నావా అని అడుగు. ఒంటరిగా గదుల్లో ఉంటూ, వెనక్కి తిరిగొచ్చిన కథని పెట్టుకుని కూర్చున్నవాళ్ళకి ఆ మాట ఎంత పనిచేస్తుందో నాకు తెలుసు. నా మాటలు పోయిన రోజుల్లో నా స్నేహితురాలొకామె రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి ఏం వండుకున్నావని అడిగేది. కథ ఊసెత్తేది కాదు. ఆమెకి చెప్పుకోవాలి కాబట్టైనా వండుకునేదాన్ని.

ఆర్టీసీ కార్గోలో నీకో డబ్బా వేశాను. చోడిపిండి (రాగిపిండి), అవిసె కారప్పొడి, నువ్వులుండలు ఉన్నాయి. ఉండలు ఇరవై నాలుగు చేశాను, మీ గుంపులో హైదరాబాదులో ఉన్నవాళ్ళకీ పెట్టు. చోడిపిండి వేడినీళ్ళలో కలిపి, ఉడికాక పెరుగు వేసుకుని తాగు, కెటిల్ చాలు.

నీ కథ మూడో పేజీలో తమ్ముడు స్టేషన్లో దిగిపోయే చోటు నాకు రెండ్రోజులుగా వదలడం లేదు. అక్క అతన్ని ఎందుకు పిలవలేదు? చెప్పకు, రాసి పంపు. పాలమూరు అబ్బాయి కథ కూడా అతన్ని అడిగి, సరేనంటే నాకు పంపు. ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక చదువుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ