కొత్త మానిటర్ వచ్చింది, సౌండ్ పోయింది

ప్రశ్న: పాత మానిటర్ తీసేసి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కొత్తది పెట్టించాం. అప్పటి నుంచి స్పీకర్లు మూగబోయాయి. లైటు వెలుగుతోంది, సౌండ్ ఫుల్లుగా పెట్టినా చప్పుడు లేదు. స్పీకర్లు మార్చాలా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆగండి, అప్పుడే డబ్బులు తగలేయకండి. హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మతో పాటు శబ్దాన్నీ మోస్తుంది కాబట్టి కొత్త మానిటర్ తగిలించగానే చాలాసార్లు విండోస్ మనల్ని అడక్కుండానే సౌండ్‌ని అటు మళ్లించేస్తుంది, ఆ మానిటర్‌కి అసలు స్పీకర్లే లేకపోయినా సరే. విండోస్ 11 అయితే గడియారం పక్కనున్న స్పీకర్ బొమ్మ నొక్కండి. వాల్యూమ్ గీత పక్కన ఇంకో చిన్న గుర్తు ఉంటుంది, అది నొక్కితే పేర్ల జాబితా వస్తుంది. మానిటర్ పేరు ఎంచుకుని ఉంటే దాన్ని వదిలేసి 'స్పీకర్స్' అన్నది నొక్కండి. విండోస్ 10లో ఆ పేరు గీతకి పైనే కనిపిస్తుంది.

అయినా మోగలేదా? సీపీయూ వెనక్కి వెళ్లండి. మానిటర్ మార్చేటప్పుడు వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టి ఉంటారు కదా, స్పీకర్ పిన్ను ఆకుపచ్చ రంధ్రంలో ఉండాలి. గులాబీది మైకుకి. హడావుడిలో ఇక్కడే తికమక పడతారు.

ఇదీ కాదంటే డివైజ్ మేనేజర్‌లో (కంప్యూటర్‌లోని పరికరాలన్నీ చూపించే విండోస్ జాబితా) సౌండ్ డివైజ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ కొట్టండి, మామూలుగా డ్రైవర్‌ని (ఆ పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని) విండోసే మళ్లీ పెట్టుకుంటుంది. స్పీకర్ల మీద అనుమానం అప్పటికీ తీరకపోతే ఆ పిన్ను ఫోన్‌కి పెట్టి ఓ పాట వేయండి (మీ ఫోన్‌కి ఆ రంధ్రం ఉంటే, ఈ మధ్య చాలావాటికి తీసేశారు). అక్కడా మోగకపోతేనే కొత్తవి కొనండి.