రెండో యాప్‌లో చేరగానే ఆర్డర్లు పడిపోయాయి: కేసు వేయొచ్చా?

ప్రశ్న: విశాఖ ఎంవీపీ కాలనీలో మాది బిర్యానీ హోటల్. ఇంకో యాప్‌లో ఉండకూడదని ఓ ఫుడ్ డెలివరీ యాప్ మెయిల్ పెట్టింది. అయినా మేం రెండోదాంట్లో చేరాం. మర్నాటి నుంచే మా హోటల్‌ని లిస్టులో అట్టడుక్కి నెట్టేశారు. రోజుకు 60 ఆర్డర్లు వచ్చేవి, ఇప్పుడు 12 వస్తే గొప్ప. అప్పుల్లో కూరుకుపోయాం. ఇది జరిగి రెండేళ్ల పది నెలలైంది. ఆ మెయిల్ ఉన్న పాత ఫోన్ అమ్మేశాం. ఇక్కడి సివిల్ కోర్టులో నష్టపరిహారం అడగొచ్చా? లేదంటే హోటళ్ల వాళ్లమంతా కలిసి బిర్యానీకి ఒకే రేటు పెట్టి, ఒకేరోజు యాప్ ఆపేద్దామనుకుంటున్నాం.

జవాబు: మీ కేసు నిలిచేది అప్పుల మీద కాదు, ఆ మెయిల్ మీద. దాన్ని ప్రింటు కూడా తీసుకోకుండా ఫోన్ అమ్మేశారా! వ్యాపారంలో ఇంత అజాగ్రత్త పనికిరాదు. మెయిల్ సర్వర్లో ఉండొచ్చు, ఇవాళే లాగిన్ అయి వెతకండి.

హోటళ్లను ఏ వరసలో చూపించాలో ఆల్గరిథమ్ చూసుకుంటుందని యాప్ వాళ్లు వాదిస్తారు. కొత్త ఆల్గరిథమ్ తయారుచేయడం తప్పు కాదు. దాన్ని అడ్డం పెట్టుకుని 'మాతో తప్ప ఎవరితోనూ వ్యాపారం చేయొద్దు' అంటేనే కాంపిటీషన్ చట్టం, 2002 సెక్షన్ 3(4) కిందికి వస్తుంది. అప్పుడైనా మీ ఒక్కరి నష్టం చూపిస్తే చాలదు, మార్కెట్లో పోటీకి చెప్పుకోదగ్గ దెబ్బ తగిలిందని చూపాలి. వినియోగదారుడికి ఒరిగిన లాభాన్ని కూడా సెక్షన్ 19(3) లెక్కలోకి తీసుకుంటుంది. 2022 ఏప్రిల్‌లో జాతీయ రెస్టారెంట్ల సంఘం ఫిర్యాదుపై రెండు పెద్ద ఫుడ్ డెలివరీ సంస్థల మీద కాంపిటీషన్ కమిషన్ (ఈ చట్టాన్ని అమలుచేసే సంస్థ) విచారణకు ఆదేశించింది. మీరూ అలా వెళ్లొచ్చు, కానీ ఒక్కరే కాకుండా సంఘం వెళితే ఎక్కువ హోటళ్ల లెక్కలు ఒకేచోట పెట్టగలదు.

సివిల్ కోర్టు దారి సెక్షన్ 61 మూసేసింది. ఢిల్లీలోని ఆ కమిషన్‌కే వెళ్లాలి. 2023 సవరణ తర్వాత కారణం ఏర్పడిన నాటి నుంచి మూడేళ్లలోగా ఫిర్యాదు ఇవ్వాలి. మీకు మిగిలింది రెండు నెలలే. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది కానీ, ఫోన్ అమ్మేశామంటే అది కారణం కాదు.

అందరూ కలిసి ఒకే రేటు పెట్టే ఆలోచన ఈ క్షణమే మానుకోండి. అది సెక్షన్ 3(3) కింద కార్టెల్, అంటే పోటీదారుల కుమ్మక్కు అవుతుంది. అలా నడిచిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్లు లేదా టర్నోవర్‌లో 10 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా పడొచ్చు. దాని గురించి వాట్సాప్‌లో మీరు పెట్టుకున్న ప్రతి మెసేజీ మీకే ఎదురు సాక్ష్యం. ఫిర్యాదు చేయాల్సిన మీరే ముద్దాయిలవుతారు.

రెండో యాప్‌లో చేరిన తేదీకి ముందు నెల, తర్వాత నెల రోజువారీ ఆర్డర్ల రిపోర్టు డౌన్‌లోడ్ చేయండి. పడిపోయింది సరిగ్గా ఆ మర్నాటి నుంచేనని అందులో కనబడాలి. మెయిల్‌తో, రిపోర్టుతో పాటు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం) జతచేయండి. ఏరియా మేనేజర్ ఫోన్లో బెదిరించి ఉంటే తేదీలతో రాసిపెట్టుకోండి. నష్టపరిహారం తర్వాతి మెట్టు: కమిషన్ తప్పని తేల్చాక కాంపిటీషన్ చట్టం సెక్షన్ 53ఎన్ కింద అప్పిలేట్ ట్రైబ్యునల్‌లో (కమిషన్ ఆదేశాలపై అప్పీళ్లు వినేచోట) అడగాలి. ముందు మెయిల్ సంగతి చూడండి.