తెలంగాణలో డైనోసార్ దొరికిందంటారు, నిజమేనా?

నిజమే, పేరు కోటాసారస్. గోదావరి లోయలో, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో తవ్వితే 840 దాకా ఎముకలు బయటపడ్డాయి. ఒక్క జంతువువి కావు, కనీసం డజను జంతువులవి. పుర్రె మాత్రం దొరకలేదు. చెంచాలాంటి పళ్లు రెండు దొరికాయి. ఆకులు తినేదని చెప్పడానికి అవి చాలు! కేంద్ర ప్రభుత్వ భూగర్భ పరిశోధన సంస్థ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన పి. యాదగిరి 1988లో దీనికి పేరు పెట్టారు.

కాలం తొలి జురాసిక్, అంటే సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటిది. పొడవు మెడ, నాలుగు కాళ్ల నడక తర్వాతి కాలపు భారీ శాకాహార డైనోసార్లైన సారోపాడ్‌లవే అయినా, తుంటి ఎముక మాత్రం పాతకాలపు తీరులో పొట్టిగా ఉంటుంది. అందుకే ఇది ఆ వంశంలో తొలివాటిలో ఒకటని అంటారు. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది, పిల్లల్ని తీసుకెళ్లండి.