బిల్లు అయిపోయిన సీసీ రోడ్డు పగిలితే ఎవరిని అడగాలి?

మీ ఊళ్లో సీసీ రోడ్డు ఏడాది తిరక్కుండానే పగిలిందని, అడిగితే "బిల్లు అయిపోయింది, ఆడిట్ కూడా అయిపోయింది" అంటున్నారని రాశారు. బిల్లు అయిపోతే కాంట్రాక్టరు బాధ్యత తీరిపోదండీ. నేను వార్డు మెంబరుగా ఉన్నప్పుడు మా వీధిలోనూ ఇదే జరిగింది.

ముందు ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) అడగండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) పని దగ్గరే కొలిచి అందులో రాయాలి, ఆయన పై ఇంజినీరు డీఈ చెక్ చేయాలి, ఆ అంకెల మీదే బిల్లు తయారవుతుంది. మా రోడ్డు మందం 15 సెంటీమీటర్లని అందులో ఉంది. అంచున మట్టి తీసి టేపు పెడితే చాలాచోట్ల 10 కూడా లేదు. పక్కన బెర్ములకు (రోడ్డు అంచుల వెంబడి ఉండే భాగాలకు) గ్రావెల్ పోసినట్టూ రాశారు. ఆ వీధిలోకి ఒక్క ట్రాక్టరు గ్రావెల్ రాలేదు. ఆడిట్‌కి వచ్చినవాళ్లు ఓచర్లు, తీర్మానాలు, క్యాష్‌బుక్ చూసి వెళ్లారు. టేపు పట్టుకుని వీధిలోకి రాలేదు. ఇది నాకు ఇప్పటికీ కోపం తెప్పించే సంగతి.

సమాచార హక్కు చట్టం (2005) సెక్షన్ 2(జె) కాగితాల నకళ్లతో ఆగదు. పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సరుకు నమూనా తీసుకునే హక్కు కూడా ఇస్తుంది. దరఖాస్తులో ఆ మాటే రాయండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. "ఎం-బుక్ మా దగ్గర ఉండదు, ఇంజినీరింగ్ వాళ్ల దగ్గర ఉంటుంది" అని పంచాయతీలో తిప్పి పంపితే ఒప్పుకోకండి. సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో వాళ్లే అక్కడికి బదిలీ చేయాలి.

అగ్రిమెంటు కాపీ కూడా తీసుకోండి, డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎంతో అందులో ఉంటుంది. ఆలోపు రోడ్డు పాడైతే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాలి. అందుకే కాంట్రాక్టరు డబ్బు కొంత డిపాజిట్‌గా పట్టి ఉంచుతారు. కానీ ఏ పనికి గడువు ఎప్పుడు తీరుతుందో మా ఆఫీసులో ఎవరూ రాసి పెట్టుకోలేదు. కాంట్రాక్టరు అర్జీ పెడితే చాలు, రోడ్డు ముఖం చూడకుండానే డిపాజిట్ వెనక్కి ఇచ్చేసేవారు. కోట్ల రూపాయల పనుల్లో ప్రజల చేతిలో మిగిలే ఒకే ఒక్క పట్టు అది.

మా రోడ్డు డిపాజిట్ మాత్రం అప్పటికి ఇంకా ఆఫీసులోనే ఉంది. పగుళ్ల ఫొటోలు, ఎం-బుక్ నకలు జతచేసి, తనిఖీ అయ్యేదాకా డిపాజిట్ ఆపమని డీఈకి అర్జీ ఇచ్చాం. ఆ తర్వాతే కాంట్రాక్టరు మనుషులు వచ్చి బాగా పగిలిన ముక్క తవ్వి మళ్లీ పోశారు. మీరు కూడా గడువు ఎంత మిగిలిందో ముందు చూసుకోండి, అర్జీ ఇచ్చాక తేదీ వేసిన రసీదు తీసుకోండి.